మిషను తప్పుకు మనిషికా శిక్ష?

(బెంగళూరులో తెలుగు మిల్లు కార్మికుల సభలో ఒక రిటైర్డ్ స్పిన్నింగ్ కార్మికుడు చేసిన ప్రసంగ పాఠం)

 

"సాంకేతిక విజ్ఞానం, భద్రత, ప్రభుత్వం" అనే విషయం మీద మాట్లాడమని యూనియన్ మిత్రులు నన్ను ఆజ్ఞాపించారు. ఇంజనీర్లు కిక్కిరిసిన ఈ ఊళ్ళో ఈ పని నాకెందుకు అప్పజెప్పారా అని రాత్రంతా ఆలోచించాను. చివరికి అర్థమైంది. ఇంజనీరు మిషను ఎలా తిరుగుతుందో చెబుతాడు. తిరిగే మిషను కింద వేలు పెట్టినవాడు ఇంకొకటి చెబుతాడు. ఆ రెండోవాణ్ణి నేను.

ముప్పై ఏళ్ళకు దగ్గరగా రింగ్ ఫ్రేముల దగ్గర పనిచేశాను. పోగు తెగితే అతకడం, మళ్ళీ తెగితే మళ్ళీ అతకడం. రోజుకు ఎన్ని వందల సార్లో లెక్కలేదు. ఈ బొటనవేలూ చూపుడువేలూ చూడండి. అద్దంలా నున్నగా ఉన్నాయి. మా ఇంటావిడ మాత్రం, "ఇంత మెత్తని చేతులు జమీందారుకు కూడా ఉండవు" అని వేళాకోళం చేస్తుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. పింఛను తీసుకునేవాళ్ళం ఏడాదికొకసారి బతికే ఉన్నామని రుజువు ఇవ్వాలి కదా. 2014 నవంబరులో కేంద్ర ప్రభుత్వం దీనికి "జీవన్ ప్రమాణ్" అనే కంప్యూటరు పద్ధతి పెట్టింది. ఆధార్ నంబరు చెప్పి వేలు పెడితే చాలు, బతికున్నట్టు ఢిల్లీకి తెలుస్తుంది. నేనూ ఒక కౌంటరుకు వెళ్ళి వేలు పెట్టాను. ఎర్ర లైటు వచ్చింది. రెండో వేలు, మళ్ళీ ఎర్ర లైటు. చేయి కడుక్కోమన్నారు, కడుక్కున్నాను. కొబ్బరినూనె రాసుకోమన్నారు, రాసుకున్నాను. పది వేళ్ళూ అయ్యాయి. కౌంటరులో కుర్రాడు జాలిగా చూసి, "ఆగల్ల అజ్జా" అన్నాడు. అవ్వదట!

"నాయనా, నేను నీ ఎదురుగానే నిలబడి ఉన్నాను కదా?" అన్నాను. "నాకు కనిపిస్తున్నారు అజ్జా, సిస్టంకు కనిపించడం లేదు" అన్నాడు.

మూడోసారి వెళ్ళినప్పుడు ఫోనులో ముఖం చూపించమన్నాడు. ముఖం చూసి ఒప్పుకునే పద్ధతి 2021 నవంబరులో వచ్చింది. ముఖం పెట్టాను. "కన్ను ఆర్పండి" అన్నాడు. ఆర్పాను. పచ్చ లైటు వచ్చింది. ఈ వయసులో ప్రభుత్వానికి కన్ను కొట్టి పింఛను తెచ్చుకున్నాను. (నవ్వులు)

నవ్వండి, నేనూ నవ్వాను. కానీ మూడు సార్లు తిరిగిన బస్సు ఛార్జీ ఎవరిచ్చారు? నాతో క్యూలో నిలబడ్డ అక్కకు కంటి శుక్లాలు ఉన్నాయి, కూలి రోజు పోగొట్టుకుని తోడు వచ్చిన కొడుకు ఉన్నాడు. వాళ్ళ రోజు కూలి ఎవరిచ్చారు? పైగా ఇదంతా ఎంత పింఛను కోసం? పి.ఎఫ్. పింఛనుకు కనీస మొత్తం నెలకు వెయ్యి రూపాయలని 2014 సెప్టెంబరులో పెట్టారు. 2025 సంవత్సరం ముగిసేసరికి కూడా అది వెయ్యే. వేలు నుంచి ముఖానికి మిషను ఎదిగింది గానీ, వెయ్యి మాత్రం ఎదగలేదు.

మిత్రులారా! నా వేలిముద్రలు ఎక్కడికి పోయాయి? ఏ దొంగా ఎత్తుకుపోలేదు. ముప్పై ఏళ్ళపాటు పోగు వెంబడి పోయాయి, కండె మీదికెక్కాయి, గుడ్డలో కలిశాయి. పని చేయించుకున్నవాళ్ళు వాటిని అరగదీశారు. ఇప్పుడు వచ్చి "నీ వేలిముద్ర చూపించు, లేకపోతే నువ్వు నువ్వు కావు" అంటున్నారు. ఇటుకలు మోసేవాళ్ళు, గిన్నెలు తోమేవాళ్ళు, రాళ్ళు కొట్టేవాళ్ళు, వయసు మళ్ళినవాళ్ళు, ఎవరి చేతులు ఎక్కువ పని చేశాయో వాళ్ళనే ఈ మిషను గుర్తుపట్టదు.

ఇది ఒక ముసలివాడి గొణుగుడు అనుకోవద్దు. 2018 మార్చిలో ఆధార్ సంస్థే సుప్రీంకోర్టు ముందు లెక్క చెప్పింది. ప్రభుత్వ సేవల విషయంలో గుర్తింపు సఫలమవుతున్నది నూటికి 88. మిగిలిన 12 సార్లు విఫలం. విఫలమైనంత మాత్రాన వాళ్ళకు సేవ అందలేదని అర్థం కాదని కూడా ఆ సంస్థ చెప్పింది. సరే, ఆ మాటే నమ్ముదాం. ఇప్పుడు మీరు స్పిన్నింగ్ వాళ్ళుగా ఆలోచించండి. నూరు కండెల్లో పన్నెండు తెగుతుంటే ఏం చేస్తాం? ఫ్రేము ఆపేస్తాం, జాబరును పిలుస్తాం, పన్నెండు తెగినందుకు మేనేజరు మన మీద కేకలేస్తాడు. ఇక్కడ మిషనును ఎవరూ ఆపరు. మనిషిని ఆపుతారు.

నేను ఈ రోజు చెప్పదలచుకున్నది ఇదొక్కటే. మిషను తప్పు చేస్తే శిక్ష ఎవరికి? మిల్లులో అయినా, రేషను షాపులో అయినా, పి.ఎఫ్. ఆఫీసులో అయినా అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే.

ఈ ఆధార్ బండికి మన బెంగళూరుకూ దగ్గర చుట్టరికం ఉంది. 2009లో సంస్థ ఏర్పడినప్పుడు దానికి మొదటి అధ్యక్షుడుగా వెళ్ళినవారు మన ఊరి నందన్ నీలేకని గారు. డేటా సెంటర్లలో ఒకటి మన హెబ్బాళలోనే ఉంది. దేశంలో ప్రతి మనిషినీ గుర్తుపట్టే ఏర్పాటు చేసిన ఆ పెద్దమనిషి 2014లో బెంగళూరు దక్షిణం నుంచి లోక్‌సభకు పోటీ చేశారు. ఓటర్లు ఆయన్ని గుర్తుపట్టారో లేదో గానీ, రెండు లక్షలకు పైగా ఓట్ల తేడాతో ఓడించారు. గుర్తింపు వేరు, గౌరవం వేరు అని అప్పుడే తేలింది.

భద్రత సంగతి కూడా చెబుతాను. 2018 మార్చిలోనే ప్రభుత్వం తరఫున అటార్నీ జనరల్ గారు సుప్రీంకోర్టుకు ఒక హామీ ఇచ్చారు. ప్రజల సమాచారం 13 అడుగుల ఎత్తు, 5 అడుగుల మందం ఉన్న గోడల వెనుక భద్రంగా ఉందట! చదివినప్పుడు నాకు మా మిల్లు కాంపౌండు గోడ గుర్తుకొచ్చింది. దాని మీద గాజు పెంకులు కూడా ఉండేవి. అయినా గుడ్డ బయటికి పోయేది. గోడ దూకి కాదు, దర్జాగా గేటులోంచి, సంతకం ఉన్న గేటు పాసుతో. సరిగ్గా ఆ హామీకి రెండు నెలల ముందు, 2018 జనవరిలో, చండీగఢ్ పత్రిక "ది ట్రిబ్యూన్" ఒక వార్త వేసింది. ఒక ఏజెంటుకు 500 రూపాయలు ఇస్తే పది నిమిషాల్లో లాగిన్ దొరికిందనీ, ఏ ఆధార్ నంబరు కొట్టినా పేరూ చిరునామా కనిపించాయనీ రాసింది. వేలిముద్రలు బయటికి పోలేదని సంస్థ వివరణ ఇచ్చింది. మంచిదే. కానీ ఆ తర్వాత పోలీసు కేసులో ఎవరి పేరు ఎక్కిందనుకున్నారు? వార్త రాసిన విలేకరి పేరు! గేటు తెరిచి ఉందని కేకవేసిన వాచ్‌మన్ మీదే చార్జిషీటు ఇవ్వడం మనకు మిల్లుల్లో కొత్త కాదు.

ఇక పేర్ల గొడవ. ఇది ప్రత్యేకంగా మన తెలుగువాళ్ళ కష్టం. మనకు ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు వెనక. కర్ణాటకలో చాలామందికి తండ్రి పేరో ఊరి పేరో పొడి అక్షరంగా వస్తుంది. మిల్లులో చేరినప్పుడు మస్టరు గుమాస్తా తనకు వినిపించినట్టు రాసుకున్నాడు. రేషను కార్డులో కన్నడంలో ఇంకొకరు ఇంకోలా రాశారు. ఆధార్ తీసినవాడు ఇంగ్లీషులో మరోలా కొట్టాడు. పుట్టిన తేదీ అడిగితే మన పెద్దవాళ్ళు "ఆ ఏడు కరువొచ్చింది" అని చెప్పారు. గుమాస్తా జనవరి ఒకటి వేశాడు. నాలుగు కాగితాలకు నలుగురు మనుషులమయ్యాం, మోసేది మాత్రం ఒక్క పొట్ట. 2021 సెప్టెంబరు నుంచి యజమాని పి.ఎఫ్. జమ చేయాలంటే ఖాతాకు ఆధార్ కలిసి ఉండాలన్నారు. పేరులో ఒక్క అక్షరం తేడా వస్తే సొంత డబ్బు కోసం కూతురి పెళ్ళినాడు కూడా ఆఫీసు చుట్టూ తిరగాలి. తప్పు రాసినవాడికి ఏ శిక్షా లేదు. తప్పుగా రాయించుకున్నవాడికే అంతా.

"అయితే మీరు మిషన్లకు వ్యతిరేకులా?" అని మన పిల్లలే అడుగుతారు. కాదు. మిషను మీద బతికినవాళ్ళం, మిషనును ఎలా ద్వేషిస్తాం? మన జీతంలోంచి పి.ఎఫ్. కోసి, జమ చేయకుండా మింగేసిన కాంట్రాక్టర్లు మనకు తెలుసు. ఇవాళ ఒక అమ్మాయి ఫోనులో పాస్‌బుక్కు తెరిచి, "ఈ నెల డబ్బు పడలేదే" అని సూపర్‌వైజరును నిలదీస్తోంది. అది మిషను పుణ్యమే. 2014లో వచ్చిన యు.ఎ.ఎన్. నంబరుతో కంపెనీ మారినా ఖాతా వెంట వస్తోంది. ఇదీ మేలే. కత్తి కూరగాయలు తరుగుతుంది, చేయీ తెగ్గోస్తుంది. పిడి ఎవరి చేతిలో ఉందన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్న కొత్తది కాదు, మనవాళ్ళు ఎప్పుడో వేశారు. వేలిముద్రల చరిత్ర చూడండి. 1858లో బెంగాల్‌లో హెర్షెల్ అనే దొర, రోడ్డుకు సరుకు తెచ్చే ఒక కాంట్రాక్టరు చేత ఒప్పందం మీద అరచేతి ముద్ర వేయించాడు. ఎందుకు? రేపు సంతకం నాది కాదని అనకుండా భయపెట్టడానికి. అంటే ఈ విద్య పుట్టిందే అపనమ్మకంలో. దక్షిణాఫ్రికాలో ట్రాన్స్‌వాల్ ప్రభుత్వం భారతీయులను వేలిముద్రలతో నమోదు కావాలని నిర్బంధిస్తే, 1908 ఆగస్టు 16న జొహన్నెస్‌బర్గ్‌లో గాంధీజీ నాయకత్వంలో ఆ సర్టిఫికెట్లను గుట్టగా పోసి తగలబెట్టారు. అంత దూరం ఎందుకు? మన పక్కనే ఉన్న కోలారు బంగారు గనుల్లో 1930 ఏప్రిల్‌లో సుమారు మూడు వారాలు సమ్మె జరిగింది. కార్మికులు వేలిముద్రలు వేసి పేర్లు నమోదు చేయించుకోవాలన్న నిబంధన మీద ఆగ్రహంతో పాతాళంలో పనిచేసే ఆ మనుషులు పైకి వచ్చి నిలబడ్డారు. వాళ్ళకు చదువు లేదు. కానీ వేలిముద్ర అడిగేవాడు రేపు ఏం చేస్తాడో తెలుసు.

ఇప్పటి సంగతికి వద్దాం. చూపు ఎటు తిరిగి ఉందో గమనించండి. ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభించారు. మనలో చాలామంది చుట్టాలు ఆ పనికి వెళ్ళినవాళ్ళే. 2023 జనవరి నుంచి అక్కడ రోజుకు రెండుసార్లు ఫోనులో ఫొటో తీస్తేనే హాజరు అన్నారు. సిగ్నలు లేకపోతే చేసిన పనికి కూలి లేదు. అంత కట్టుదిట్టం చేసి చివరికి ఏమైంది? 2025 జూలైలో కేంద్ర మంత్రిత్వశాఖే రాష్ట్రాలకు ఉత్తరం రాసింది. కొన్ని చోట్ల సంబంధం లేని ఫొటోలు ఎక్కిస్తున్నారనీ, ఫొటోకే ఫొటో తీసి పంపుతున్నారనీ. దొంగకు దారి దొరికింది, కూలికి మాత్రం ఎండలో నిలబడి ఫొటో దిగడం తప్పలేదు. 2025 డిసెంబరులో ఆ చట్టాన్నే తీసేసి కొత్త పేరుతో ఇంకొకటి తెచ్చారు.

కార్మికుడి మీద రోజుకు రెండు ఫొటోలు. మరి యజమాని మీద? 2025 నవంబరు 21న అమలులోకి తెచ్చిన లేబర్ కోడ్లు చూడండి. ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు ఇప్పుడు ఇన్‌స్పెక్టరు మాత్రమే కాదు, "ఫెసిలిటేటర్" కూడా. అంటే తనిఖీకి వచ్చినవాడే సలహాలిచ్చే స్నేహితుడు. ఏ ఫ్యాక్టరీకి వెళ్ళాలో కంప్యూటరు చీటీ తీసి చెప్పే ఏర్పాటుకు కోడ్లలో చోటు పెట్టారు. బాయిలరు పేలే ప్రమాదం ఉన్న చోట లాటరీ, బాత్‌రూముకు వెళ్ళిన అమ్మాయి మీద స్టాప్‌వాచీ. భద్రత అంటే ఎవరి భద్రత అని మనం అడగాలా వద్దా?

ఇంకో మాట. 2025 నవంబరు చివర కేంద్ర టెలికాం శాఖ ఒక ఆజ్ఞ ఇచ్చింది. కొత్తగా అమ్మే ప్రతి ఫోనులో "సంచార్ సాథీ" అనే ప్రభుత్వ యాప్ ముందే పెట్టి అమ్మాలని. పోయిన ఫోను వెతికిపెట్టడానికి, మోసాలు ఆపడానికి పనికొస్తుందన్నారు. పనికి రావచ్చు. కానీ అడగకుండా ఇంట్లోకొచ్చి కూర్చున్న చుట్టాన్ని ఎవరు నమ్ముతారు? దేశమంతా గగ్గోలు లేచింది. డిసెంబరు 3న ఆ నిర్బంధాన్ని వెనక్కి తీసుకున్నారు. వారం తిరగలేదు! గగ్గోలుకు విలువ ఉందని తేలింది.

కాబట్టి "మనవల్ల ఏమవుతుంది" అనే మాట మానేద్దాం. ఇదే బెంగళూరులో ఒక రిటైర్డ్ హైకోర్టు జడ్జి ఉండేవారు, కె.ఎస్. పుట్టస్వామి గారు. 86 ఏళ్ళ వయసులో, 2012లో, ఆధార్ మీద సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఆయన కేసులోనే 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీలు ఏకగ్రీవంగా వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని చెప్పారు. 2018 సెప్టెంబరు 26న వచ్చిన తీర్పు రేషను వంటి వాటికి ఆధార్‌ను నిలబెట్టింది. బ్యాంకు ఖాతాకూ మొబైలుకూ తప్పనిసరి అనడాన్ని కొట్టేసింది. సగం గెలుపు. ఆయన 2024 అక్టోబరులో 98 ఏట కన్నుమూశారు. అంతకు ముందు మన ఊరి మినర్వా మిల్లు కేసు ఉంది. 1980 జూలై 31న ఆ కేసులోనే రాజ్యాంగాన్ని ఎలా కావాలంటే అలా మార్చే హద్దులేని అధికారం పార్లమెంటుకు లేదని సుప్రీంకోర్టు చెప్పింది. కేసు వేసింది కార్మికులు కాదు, యజమానులు. మిల్లు నడవడం ఎప్పుడో ఆగింది. ఆ తీర్పు మాత్రం ఇంకా నడుస్తోంది.

అయితే కోర్టులకు వెళ్ళడం అందరివల్లా అయ్యే పని కాదు. రోడ్డు అందరిదీ. 2016 ఫిబ్రవరిలో పి.ఎఫ్. నిబంధన మార్చారు. పని మానేసినా యజమాని వాటా 58 ఏళ్ళు వచ్చేదాకా తీసుకోకూడదన్నారు. గార్మెంట్ ఆడవాళ్ళకు ఆ పి.ఎఫ్. అంటే వైద్యం, బిడ్డ చదువు, అప్పుల వాడి నుంచి విముక్తి. ఏప్రిల్ 18న వేలాది మంది హోసూరు రోడ్డు మీదికి వచ్చారు. మర్నాడు ఊరంతా పాకింది. లాఠీలు తిరిగాయి, బాష్పవాయువు పేలింది, బస్సులు కూడా కాలాయి. అది మంచిది కాదని నేనే అంటాను. కానీ 19వ తేదీ సాయంత్రానికే అప్పటి కేంద్ర కార్మిక మంత్రి, మన హైదరాబాదు మనిషి బండారు దత్తాత్రేయ గారు, ఆ నిబంధనను వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించారు.

ఆ రెండు రోజులూ మా కోడలు రోడ్డు మీదే ఉంది. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ నన్నొక మాట అడిగింది: "మామా, మీ యూనియన్ లీడర్లు ఎక్కడా కనిపించలేదే?" నా దగ్గర జవాబు లేదు. ఆ ఉద్యమాన్ని నడిపింది ఏ యూనియనూ కాదు. రోడ్డు నిండిన తర్వాతే మనకు తెలిసింది. వేదిక మీదున్న పెద్దలు కోప్పడినా ఈ మాట చెప్పక తప్పదు. సిస్టంకు నేను కనిపించలేదని ఇందాక ఫిర్యాదు చేశాను. మన యూనియన్‌కు ఆ ఆడపిల్లలు ఎన్నేళ్ళు కనిపించలేదు?

అందుకని ముగించే ముందు నాలుగు మాటలు. ఒకటి, వేలు పడలేదని ఎవరినీ వట్టిచేతులతో పంపకూడదు. ఇది గొంతెమ్మ కోరిక కాదు. గుర్తింపు విఫలమైనా సేవ నిరాకరించకూడదని ఆధార్ సంస్థే 2017 అక్టోబరు 24న సర్క్యులరు ఇచ్చింది. ఆ కాగితం ప్రతి రేషను షాపు గోడకు అంటించమని అడుగుదాం. రెండు, మిషను ఒప్పుకోకపోతే, ఏ తేదీన ఎన్నిసార్లు ఒప్పుకోలేదో రాసి చీటీ ఇవ్వాలి. నోటితో "ఆగల్ల" అంటే కుదరదు. మూడు, పేరు తప్పు దిద్దించే బాధ్యత యాజమాన్యానిది, ఆ రోజు జీతం కోయకూడదు. నాలుగోది మనకు మనం చెప్పుకునేది. మన యూనియన్ ఆఫీసులో ప్రతి ఆదివారం ఒక బల్ల వేద్దాం. చదువుకున్న పిల్లలు ఇద్దరు కూర్చోవాలి. ఆధార్, పి.ఎఫ్., రేషను కార్డు పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడాలి. మిల్లు కార్మికులకే కాదు, గార్మెంట్ అక్కచెల్లెళ్ళకూ, సభ్యత్వం ఉన్నా లేకపోయినా.

మొదటి ఆదివారం నేనొస్తాను. రాత పని నా వల్ల కాదు, టీ పోస్తాను. గుర్తుపట్టడానికి నా వేలు అక్కర్లేదు కదా, మీరంతా నన్ను ఎరుగుదురు. యూనియన్ అంటే అదే మిత్రులారా, ముద్ర పడకపోయినా మనిషిని గుర్తుపట్టే చోటు.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి! సెలవు.